కుర్చీలో కూర్చోని అమ్మమ్మ

భూమి తన ఇరుసు మీద ఇన్ని కోట్ల ఏళ్లుగా కిర్రుమనకుండా తిరుగుతోందంటే, ఎప్పుడో ఒకసారి మా అమ్మమ్మ దాని కిందికి దూరి బోల్టులు సరిచూసి ఉంటుంది. అప్పటికి ఆమె పుట్టిందా అని అడగొద్దు. ఆమె ఎప్పుడు పుట్టిందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. బ్యాంకు పుస్తకంలో ఒక వయసు, ఆస్పత్రి చీటీలో ఇంకో వయసు. మధ్యలో ఆరేళ్లు ఎక్కడికి పోయాయంటే, "కారు కింద ఉన్నాను, చూసుకోలేదు" అంటుంది.

ఆమెది కమాన్ల పని. పాత కార్లకు వెనక చక్రాల పైన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. గతుకు వచ్చినప్పుడు అవి వంగి, లోపల కూర్చున్నవాళ్ల నడుము వంగకుండా కాపాడతాయి. వాటినే కమాన్లంటారు. నిజానికి ఆ పని తాతయ్యది. పెళ్లయిన మూడో ఏడు ఆయన నడుము పట్టేసింది. ఊరందరి కార్ల నడుములూ బాగుచేసినాయన తన నడుము మాత్రం బాగుచేసుకోలేక మంచమెక్కాడు. అమ్మమ్మ ఆయన పాత చొక్కా తొడుక్కుని, "రెండు రోజులే" అని చెప్పి గుంతలోకి దిగింది. ఆ రెండు రోజులు నలభై రెండేళ్లు నడిచాయి.

గుంత షెడ్డు మధ్యలో ఉండేది. మనిషి నిలువు లోతు, రెండు మూరల వెడల్పు, దిగడానికి మూడు మెట్లు. పక్క గోడలో ఒక గూడు, అందులో ఆమె పానాలు, ఒక లైటు, ఒక టీ గ్లాసు. కారు పైన తన కాళ్ల మీద తాను నిలబడి ఉండేది, కింద అమ్మమ్మ తన కాళ్ల మీద తాను నిలబడి ఉండేది. ఇద్దరూ సమానం. పైనుంచి చూసేవాళ్లకు ఆమె నెరిసిన నడినెత్తి తప్ప ఇంకేమీ కనబడేది కాదు. అందుకే వీధిలో ఆమెను గుంతలో అమ్మ అనేవాళ్లు. తాతయ్య పోయాక కూడా ఆమె గుంత వదల్లేదు.

అన్నేళ్లు ఇనుప పట్టీల మీద సుత్తితో కొట్టిన చప్పుడు ఊరికే పోదు కదా, ఆమె చెవులు పట్టుకుపోయింది. ఎడమ చెవి పూర్తిగా మూతపడింది. కుడి చెవి పక్కన అరిస్తే సగం వినబడుతుంది. ఆ సగంలోనూ తనకు నచ్చింది ఉంచుకుని మిగతాది వదిలేస్తుంది.

ఒక మధ్యాహ్నం షెడ్డులో ఒక వ్యాను వెనక్కి వస్తోంది. అమ్మమ్మ దానికి వీపు పెట్టి పానా తుడుచుకుంటోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. మా మామయ్య, అంటే ఆమె కొడుకు, మూడుసార్లు అరిచాడు. వ్యాను బంపరు ఆమె తుంటికి తగిలి ఆగింది. అమ్మమ్మ వెనక్కి తిరిగి డ్రైవరుని నాలుగు తిట్టి, మళ్లీ పానా తుడుచుకుంది. మామయ్య మాత్రం ఆ రోజుకి షెడ్డు మూసేశాడు. మర్నాడే రాళ్లూ సిమెంటూ తెప్పించి గుంత పూడ్పించాడు. నెల తిరిగేసరికి దాని మీద రెండు స్తంభాల లిఫ్టు నిలబెట్టాడు. మీట నొక్కితే కారుని చంకల కింద చేతులు పెట్టి ఎత్తినట్టు పైకి ఎత్తుతుంది. అమ్మమ్మ పానాల పెట్టెకు తాళం వేసి, చెవి తన మొలకు కట్టుకున్నాడు. వాకిట్లో ఒక కుర్చీ వేశాడు, చేతులున్నది, మెత్త ఉన్నది.

"అమ్మా, ఇంక చాలు. ఇక్కడ కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఉండు" అని ఆమె కుడి చెవిలో అరిచాడు.

"చెవుడొచ్చిందని పని మాన్పించి, మాట్లాడే పని ఇస్తావేంట్రా?" అంది అమ్మమ్మ.

ఆ కుర్చీలో ఆమె కూర్చోలేదు. నూనె గుడ్డలు ఆరేసింది. రంగు డబ్బా పెట్టింది. ఒక వారం పాత బ్యాటరీ దర్జాగా అందులో కూర్చుంది. వచ్చినవాళ్లు నిలబడే ఉన్నారు, ఆమె కూడా నిలబడే ఉంది, షెడ్డు గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని. ఎదురుగా టైర్ల దుకాణం ఆయన, "ఏమ్మా, కుర్చీ అచ్చి రాలేదా?" అని చేతులతో సైగ చేసి అడిగేవాడు. "నీకు కావాలంటే పట్టుకుపో, నీ టైర్ల కన్నా గట్టిగా ఉంది" అనేది.

అలా రెండు నెలలు గడిచాయి. అప్పుడు డ్రాయింగు మాస్టారి కారు మూడోసారి వచ్చింది.

మాస్టారు బళ్లో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. కారు వాళ్ల నాన్నది. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి వీపు, తలుపు వేస్తే బీరువా వేసినట్టుండేది. మొదటిసారి వచ్చినప్పుడు వెనక టకటకమంటోందని తెచ్చారు. కమాన్లను బాడీకి బిగించే చోట బోల్టు చుట్టూ రబ్బరు బుష్షులుంటాయి. అవి అరిగిపోయాయి. మామయ్య కారుని కొత్త లిఫ్టు మీద ఎత్తి, అన్నీ కొత్తవి వేసి, బిగించి పంపాడు. టకటక పోయింది. పది రోజుల్లో దాని స్థానంలో కిర్రు వచ్చింది. చిన్న గతుకు వచ్చినా, ఎవరైనా ఎక్కినా దిగినా, లావుపాటి మనిషి పాత మంచం మీద పక్కకి తిరిగినట్టు కిర్ర్ర్‌మని ఒక మూలుగు. రెండోసారి తెస్తే మామయ్య షాకబ్జార్బర్లు మార్చాడు, కమాన్లకు నూనె పోశాడు. రెండు రోజులు నోరు మూసుకుంది. మూడో రోజు ఇంకా లావుపాటి మనిషి పక్కకి తిరిగాడు.

"ఇంక నా వల్ల కాదు బాబూ" అన్నారు మాస్టారు, కారు దిగుతూ. ఆయన దిగినందుకు కారు కిర్రుమంది. "నేను వీధిలోకి రాకముందే నేనొస్తున్నట్టు అందరికీ తెలిసిపోతోంది. పాత సామాన్లవాడితో మాట్లాడేశాను. ఎల్లుండి పొద్దున వచ్చి తోలుకుపోతాడు. ఊరికే నీకో మాట చెబుదామని వచ్చాను."

మామయ్య తల వంచుకున్నాడు. అమ్మమ్మకు మాటలు వినబడలేదు గానీ, కొడుకు మెడ వినబడింది. వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఏంటట?"

షెడ్డులో ఏ కారుకి ఏం పనో రాసుకునే నల్లబల్ల ఉంది. మామయ్య దాని మీద సుద్దముక్కతో రాశాడు: చప్పుడు. నీకు వినపడదు. వదిలెయ్.

అమ్మమ్మ చదివి, చొక్కా చేతితో చివరి రెండు ముక్కలూ తుడిచేసింది. "నువ్వు విన్నావుగా రెండుసార్లు. విని ఏం ఉద్ధరించావ్?"

"అమ్మా, చెవులు లేకుండా చప్పుడెలా పట్టుకుంటావే?"

అరవకుండా అన్నా, ఈ ముక్క మాత్రం ఆమెకు స్పష్టంగా అందింది. "రేపు సాయంత్రంలోపు పట్టుకుంటా. పట్టుకుంటే నా పెట్టె తాళంచెవి నాకిచ్చెయ్, మళ్లీ పని మానమని అనకు. పట్టుకోలేకపోతే ఆ కుర్చీలో కూర్చుంటా. పోయేదాకా కూర్చుంటా. వచ్చిన ప్రతివాడికీ నమస్కారం పెడతా."

మామయ్య కుర్చీ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అమ్మ కుర్చీలో కూర్చోవడమే అతనికి కావలసింది. వ్యాను బంపరు ఇప్పటికీ అతని కలలో వెనక్కి వస్తూ ఉంటుంది. "సరే" అని తలూపాడు.

"మాస్టారూ, మీరు సాక్షి" అంది అమ్మమ్మ.

"అలాగే అక్కగారూ" అన్నారు మాస్టారు, ఎందుకైనా మంచిదని ఒక అడుగు వెనక్కి వేసి.

మొదటి రోజు అమ్మమ్మ గొప్పగా పొరబడింది. నేను రాస్తున్నాను కదా అని ఇది దాచను. చూడగానే, "పట్టీల మధ్య తుప్పు, ఇంకేముంది, కళ్లున్నవాడెవడైనా చెబుతాడు" అని తేల్చేసింది. మామయ్య కొత్త పానాలు అరువడిగి, ఇవి చేతికి సబ్బులా జారుతున్నాయని ప్రతి బోల్టుకీ ఒకసారి చెబుతూ, బాడీకి బిగించిన చివరి బోల్టులు కదపకుండా, రెండు కమాన్ల నడిమి కట్లూ విప్పింది. ఒక్కో పట్టీనీ గరుకు కాగితంతో రుద్దింది, తుడిచింది, నల్లటి పొడి పూసింది, మళ్లీ పేర్చి కట్టింది. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. కోడలు కంచం తెచ్చి కారు కిందికి తోసింది. సాయంత్రానికి కమాన్లు పెళ్లికొడుకుల్లా తయారయ్యాయి. మాస్టారు ఎక్కి కూర్చున్నారు. కూర్చోగానే ఆయన ముఖం చూసి టైర్ల దుకాణం ఆయన వీధి అవతలి నుంచే నవ్వాడు.

మామయ్య నల్లబల్ల మీద ఏమీ రాయలేదు. అది అమ్మమ్మకు రాసినదానికన్నా ఎక్కువ కోపం తెప్పించింది.

అందరూ లోపలికి వెళ్లాక ఆమె ఒక్కతే వాకిట్లోకి వచ్చి, కుర్చీలోంచి నూనె గుడ్డలు తీసి పక్కన పెట్టి, మొదటిసారి అందులో కూర్చుంది. ఎలా ఉంటుందో చూద్దామని. సుఖంగా ఉంది. మెత్త నడుముకి సరిగ్గా అమరింది, చేతులు సరైన ఎత్తులో ఉన్నాయి, ఎండ కూడా పక్కనుంచి తగలకుండా ఉంది. కొడుకు ఎంత వెతికి కొన్నాడో అర్థమైంది. దాంతో ఒళ్లు మండి వెంటనే లేచి, గుడ్డలు మళ్లీ అందులో పడేసింది.

మర్నాడు పొద్దున పద్ధతి మార్చింది. కారు కింద అట్టముక్క పరుచుకుని పడుకుని, కమాన్లు బిగించిన ప్రతి చోటా అరచెయ్యి వేసి, మామయ్యను బంపరు పట్టుకుని ఊపమంది. లాభం లేకపోయింది. బోలుగా ఉన్న బాడీలో వణుకు ఎక్కడ పుట్టినా అంతటా పాకుతుంది. అన్ని చోట్లా చెయ్యి ఒక్కలాగే జిలజిలమంది. కింద నుంచి బయటికి జరిగి, అట్టముక్క మీదే కూర్చుని, ఏం చెయ్యాలో తోచక ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ ఉండిపోయింది. ఎదురుగా మాస్టారున్నారు. చక్రం పక్కన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కారుకి ఇంజెక్షను ఇస్తుంటే చూస్తున్నట్టున్నారు. మామయ్య ఇంకా ఊపుతూనే ఉన్నాడు. ఊపిన ప్రతిసారీ మాస్టారి ఎడమ కన్ను మూసుకుంటోంది. ఆపితే తెరుచుకుంటోంది. మళ్లీ ఊపితే మళ్లీ మూసుకుంటోంది.

అమ్మమ్మ మెల్లిగా లేచింది. పోయి ఒక సీసాలో సబ్బు నీళ్లు కలుపుకుని వచ్చింది. కిర్రుమనే రబ్బరు సబ్బు నీళ్లు తగిలితే కాసేపు నోరు మూసుకుంటుంది.

"మాస్టారూ, ఇక్కడ నిలబడండి. కదలొద్దు. నా వైపే చూడండి. ఒరేయ్, ఊపు."

ఎడమ కమాను వెనక చివర బుష్షు మీద సబ్బు నీళ్లు పోసింది. కన్ను మూసుకుంది. కుడి కమాను వెనక చివర పోసింది. మూసుకుంది. మళ్లీ కిందికి దూరి ఎడమ కమాను ముందు చివర పోసి, తల బయటికి పెట్టి చూసింది. కన్ను సగమే మూసుకుంది. అటు పక్కకి పాకి కుడి కమాను ముందు చివర కూడా పోసి, మళ్లీ తల బయటికి పెట్టింది. మామయ్య చెమటలు కక్కుతూ ఊపుతున్నాడు. మాస్టారి రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. నోరు కూడా కొద్దిగా తెరుచుకుంది.

"అక్కగారేంటి బాబూ, నా ముఖం అలా చూస్తున్నారు?" అని మాస్టారు మామయ్యను అడిగారు, చొక్కా గుండీలు తడుముకుంటూ.

"ముందు బుష్షులు రెండూ" అంది అమ్మమ్మ.

మామయ్య ఊపడం ఆపాడు. చప్పుడు ఆగిపోయిందని అతనికి అప్పుడే తెలిసింది. "అవి కొత్తవమ్మా" అని చెవిలో అరిచాడు. "నేనే వేశాను. నేనే బిగించాను. బోల్టు సరిగ్గానే ఉంది, బుష్షు సరిగ్గానే ఉంది, నువ్వు నేర్పినట్టే చేశాను."

"ఎక్కడ బిగించావ్?"

"ఎక్కడేంటి, లిఫ్టు మీద."

అమ్మమ్మ లిఫ్టు వైపు చూసింది. దాని మీద అప్పుడు ఎవరిదో తెల్ల కారుంది. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడుతున్నాయి. చంకలు పట్టి ఎత్తిన పిల్లాడి కాళ్లలా వేలాడుతున్నాయి. కమాన్లు కిందికి జారిపోయి ఉన్నాయి. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత నేల వైపు చూసింది, సిమెంటు రంగు కొద్దిగా వేరుగా ఉన్న చోట.

నలభై రెండేళ్లలో ఆమె ఒక్క బుష్షు కూడా గాల్లో బిగించలేదు. గుంతలో గాల్లో బిగించడం కుదరదు. కారు బరువంతా చక్రాల మీద మోస్తూ నిలబడి ఉంటే, కింద నుంచి బిగించడమే. బరువు మీద ఉండగానే బిగించాలని ఆమె కొడుక్కి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. అది నియమమని ఆమెకే తెలియదు. గుంతకు తెలుసు. దాన్ని వాడు పూడ్చేశాడు.

"నీ మెడ ఇలా పక్కకి తిప్పి పట్టుకుని బిగించేశాననుకో" అంది, నిజంగానే కొడుకు మెడ పట్టుకుని పక్కకి తిప్పుతూ. "ఇప్పుడు తిన్నగా చూడు అంటే మూలగవా? రబ్బరు కూడా అంతే. కాళ్లు వేలాడుతుండగా బిగించి కిందికి దించావు. దించినప్పటి నుంచీ అది మెలిక తిరిగే ఉంది. మూలుగుతోంది."

మామయ్య మెడ విడిపించుకుని, నేల మీది సిమెంటు రంగు తేడా వైపు తనూ చూశాడు. లిఫ్టు మీద అలాగే బిగించి పంపిన కార్లు ఇంకా ఐదారు అతనికి గుర్తొచ్చాయి. అవన్నీ వీధుల్లో ఎక్కడెక్కడ మూలుగుతున్నాయో అని అతని ముఖం ముడుచుకుంది.

"ఇంకా తేలలేదు" అన్నాడు, మాట వరసకి.

"తేలుస్తా. నా పానా తియ్."

"నాది వాడొచ్చుగా?"

"కారు కిందంతా పాకి, మెలిక తిరిగిన బోల్టుని ఆ సబ్బుబిళ్లలతో తిప్పమంటావా? నా పదిహేడో నెంబరు పానా తియ్, మీ నాన్న పిడికి పైపు అతికించినది."

"పందెం తేలకుండా పెట్టె తెరవడం అన్యాయం కదమ్మా."

ఈ మాట అంటుండగానే కోడలు లోపలి నుంచి వచ్చి, అత్తగారి చేతిలో ఒక తాళంచెవి పెట్టి, వచ్చినంత నెమ్మదిగా వెళ్లిపోయింది. పెట్టెకు రెండో తాళంచెవి ఒకటుందని, రెండు నెలలుగా అది ఉప్పు డబ్బా వెనక ఉందని మామయ్యకు ఆ క్షణం దాకా తెలియదు. భార్య వెళ్లిన గుమ్మం వైపు చూసి, ఇదివరకెప్పుడైనా పెట్టె తెరుచుకుందా అని అడగబోయి, అడిగితే వచ్చే జవాబుకి భయపడి మానేశాడు.

బుష్షులు రెండూ విప్పి చూస్తే మామయ్య పోసిన నూనెకి ఉబ్బి, ఒక పక్క చిట్లాయి. నూనె రబ్బరుకి విషమని తాతయ్య చెప్పేవాడట. అమ్మమ్మ ఆ ఒక్క సంగతి కొడుకు ముఖం చూసి పైకి అనలేదు, కొత్తవి అందించమంది. బోల్టులు వదులుగా పెట్టి, కారుని నాలుగు లావుపాటి చెక్కదిమ్మల మీదికి ఎక్కించారు, చక్రాలు బరువు మోస్తూ నిలబడేలా. కింద దూరడానికి జానెడు సందు పెరిగింది. మాస్టారిని వెనక సీట్లో కూర్చోబెట్టారు. మామయ్య రెండుసార్లు ఊపాడు, కమాన్లు తమకు నచ్చిన చోట కుదురుకున్నాయి. అమ్మమ్మ వెల్లకిలా పడుకుని, పానా బోల్టుకి తగిలించి, చేతుల బలం చాలక, రెండు పాదాలూ పైపు మీద పెట్టి తన్ని బిగించింది. బయటికి కనిపిస్తున్నవి ఆమె జుట్టు ముడి, రెండు మోచేతులు మాత్రమే.

వీధి చివర స్పీడుబ్రేకరు దాకా మాస్టారే నడిపారు. పక్కన మామయ్య. అమ్మమ్మ వెనక సీట్లో మధ్యలో కూర్చుని, ముందుకి వంగి అద్దంలో మాస్టారి ఎడమ కన్నుని పట్టుకుంది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కాయి. ఆమె గట్టిగా సీటు పట్టుకుంది. దిగాయి. కన్ను తెరిచే ఉంది.

"మళ్లీ" అంది.

మాస్టారు వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించారు. మూడోసారి ఆమె అడక్కుండానే ఎక్కించారు. నాలుగోసారి పెద్ద పిల్లాడిలా నవ్వుతూ ఎక్కించారు. టైర్ల దుకాణం ఆయన బయటికి వచ్చి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, ఏమీ వినబడక లోపలికి వెళ్లిపోయాడు. అతను అలా మాట్లాడకుండా వెళ్లిపోవడం వీధిలో అదే మొదలు.

"మాస్టారి చెవులు వాడుకున్నావు. అది తొండి" అన్నాడు మామయ్య, మొలతాడు నుంచి తాళంచెవి విప్పుతూ.

"చెవులు కాదు, ముఖం వాడుకున్నాను. ముఖం అందరికీ కనబడేలాగే పెట్టారు. నువ్వు చూడలేదు."

చెవి ఇచ్చాడు గానీ, అతని భయం మాత్రం అతని దగ్గరే ఉంది, అది ఇచ్చేది కాదు. మర్నాడే షెడ్డు నాలుగు మూలలా నాలుగు ఎర్ర లైట్లు పెట్టించాడు. ఏ బండైనా వెనక్కి వస్తుంటే మీట నొక్కాలి, అవి వెలిగి ఆరుతూ ఉంటాయి. అమ్మమ్మ వాటిని చూసి, ఇది షెడ్డా, సర్కస్ డేరానా అంది. అయినా వెలిగితే పక్కకి జరుగుతుంది. జరిగేముందు డ్రైవరుని తిట్టడం మానలేదు. ఐదారు కార్ల వాళ్లకూ మామయ్యే కబురు పెట్టి పిలిచి, దిమ్మల మీద ఎక్కించి మళ్లీ బిగించాడు. పక్కనే అమ్మమ్మ నిలబడింది, చేతులు కట్టుకుని.

కుర్చీ సంగతి. ఆ ఆదివారం అమ్మమ్మ దాని నాలుగు కాళ్లూ రంపంతో కోసేసి, చేతులు ఊడగొట్టి, మెత్త ఉన్న భాగానికి కింద చిన్న చక్రాలు బిగించింది. దాని మీద వెల్లకిలా పడుకుని ఒక్క తోపు తోస్తే నేరుగా కారు కిందికి వెళ్తుంది. నడుముకి చాలా సుఖంగా ఉందట. కొడుకు మంచి కుర్చీ కొన్నాడని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది.

ఇదంతా రాసి, భూమి ఇరుసు దగ్గర నుంచి మొదలుపెట్టి ఆమెకే చదవడానికి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, కాగితాల మీద నూనె వేళ్లు పడేలా పట్టుకుని చివరిదాకా చదివింది. ఒకచోట నవ్వినట్టు కూడా అనిపించింది. కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది.

"పదిహేడు కాదు, పంతొమ్మిది. బళ్లో కూర్చోమంటే గోడ దూకావు, కనీసం పానా అయినా చూసి రాయి. లే, నా చక్రాల బల్ల మీద నుంచి. కారు వచ్చింది."